గళ్లు నింపేముందు సూత్రం చూడండి

కావలి

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి,

తాతయ్య ఆశీస్సులు. గణాంకాల లెక్కలకు వాడే ఆర్ అనే కంప్యూటర్ భాషలో మీరు రాసి పంపిన ప్రోగ్రాం చూశాను. అల్లూరు వైపు రొయ్యల గుంటలో నాలుగు రోజుల ఉప్పుశాతం తీసుకుని, ఏ రోజుకి ఏ రోజుతో ఎంత కోరిలేషన్, అంటే కలిసి మారే సంబంధం, ఉందో 16 గళ్లలో ఒక్కో అంకే టైపు చేశారు. నాలుగు రోజులకైతే సరే. నెల రోజులకు 900 గళ్లవుతాయి, అప్పుడేం చేస్తారు?

మీ గళ్లనే ఒకసారి చూడండి. మొదటి వరుస 1, 0.8, 0.64, 0.512. రెండోది 0.8, 1, 0.8, 0.64. ఇందులో కొత్త అంకె ఒక్కటీ లేదు. గడిలో ఏముండాలో తేల్చేది ఆ రెండు రోజుల మధ్య ఎడం ఒక్కటే. అందుకే మొదటి వరుసను వెక్టర్‌గా, అంటే అంకెల వరసగా, ఆర్‌లోని టోప్లిట్జ్ ఫంక్షన్‌కి ఇస్తే చాలు, మిగతాదంతా అదే పేరుస్తుంది. ఒట్టో టోప్లిట్జ్ అనే జర్మన్ గణితవేత్త పేరది.

అయితే రెండో రోజు తర్వాత మళ్లీ ఐదో రోజే నీళ్లు చూశారనుకోండి. టోప్లిట్జ్‌కి అది తెలియదు, రోజులన్నీ వరసగా ఉన్నాయనే అనుకుంటుంది. అలాంటప్పుడు నాకు నచ్చే దారి అవుటర్ అనే ఫంక్షన్. 1, 2, 5 అనే రోజుల వెక్టర్‌లో ప్రతి అంకెలోంచీ ప్రతి అంకెనూ దానిచేత తీసివేయించి, మైనస్ గుర్తులు తీసేస్తే ఎడాల మ్యాట్రిక్స్, అంటే గళ్ల పట్టిక, వస్తుంది. 0.8ని ఆ ఎడాల ఘాతాలకు ఎత్తండి. ఒకటో రోజుకీ ఐదో రోజుకీ మధ్య 0.4096 వస్తుంది. అయినా ఈ 0.8 మనం అనుకున్నదే. మధ్యలో తుఫాను వాన పడి ఉప్పు ఒక్కసారిగా తగ్గితే ఈ సూత్రం నిలవదు. అసలు కొలతలతో సరిచూడకుండా దాన్ని నమ్మొద్దమ్మా.

ఇక మీరిచ్చిన అంకెలను గళ్లలో పేర్చే మ్యాట్రిక్స్ ఫంక్షన్ నిలువు వరుసలను ముందు నింపుతుంది. 1 నుంచి 6 దాకా ఇచ్చి రెండు అడ్డు వరుసలు అడిగితే పైన 1, 3, 5 వస్తాయి, కింద 2, 4, 6. అడ్డంగా కావాలంటే బైరో ట్రూ (byrow = TRUE) అని చెప్పాలి. అంకెలు చాలకపోతే మొదటి నుంచి మళ్లీ వాడుకుంటుంది, లెక్క సమంగా సరిపోతే హెచ్చరిక కూడా ఇవ్వదు.

డయాగ్ అనే ఫంక్షన్ దగ్గర మాత్రం మరీ జాగ్రత్త. 2, 5, 9 ఇస్తే వాటిని కర్ణం మీద పెట్టి మిగతా గళ్లలో సున్నాలు వేస్తుంది. అదే మీ వెక్టర్‌లో 5 ఒక్కటే మిగిలిందనుకోండి, ఒక గడిలో 5 రాదు, కర్ణం మీద అన్నీ 1లు, మిగతా అన్నీ సున్నాలుండే ఐదు వరుసల యూనిట్ మ్యాట్రిక్స్ వస్తుంది! వెక్టర్ పొడవెంతో, వరుసలెన్నో చెప్పే ఎన్‌రో (nrow) దగ్గర రాసేయండి, ఆ బెడద ఉండదు.

ఐదో రోజు కొలత కలిపి అవుటర్‌తో మళ్లీ చేసి పంపండి, చూస్తాను.

మీ తాతయ్య