‘నిజమా, అబద్ధమా’ అని అడిగితే తేలదు: పిల్లలకు వాస్తవం, అభిప్రాయం నేర్పడంలో అపోహలు

శ్రీకాకుళం దగ్గర ఒక పల్లె బడిలో రెండు, మూడు తరగతులకు పాఠాలు చెబుతాను. వాస్తవానికీ అభిప్రాయానికీ తేడా పిల్లలకు ఎలా చెప్పాలని చాలామంది అడుగుతుంటారు. ఆ అడగడంలోనే సగం అపోహలు బయటపడతాయి. కొన్ని నావి కూడా, ముందే ఒప్పేసుకుంటున్నా.

అపోహ: వాస్తవం అంటే నిజం, అభిప్రాయం అంటే నిజం కానిది.

మొదటి ఏడాది నేను చేసింది ఇదే. బోర్డు మీద రెండు గడులు గీసి ‘నిజం’, ‘నిజం కాదు’ అని రాశాను. ఒక పాప లేచి "మా అమ్మ కాసిన చోడంబలే అందరికన్నా బాగుంటాది మాస్టారూ" అంది. చోడంబలంటే రాగి అంబలి. ఆ మాటని రెండో గడిలో రాశాను. ఏడ్చేసింది. ఏడవదా మరి, వాళ్ళమ్మ అంబలి బాగోదని మాస్టారే బోర్డెక్కించేశారాయె! తప్పు పాపది కాదు, నా గడుల పేర్లది. ఇప్పుడు ‘చూసి తేల్చొచ్చు’, ‘ఎవరికి అనిపించేది వాళ్ళది’ అని రాస్తున్నాను. ‘శ్రీకాకుళం ఊళ్ళోంచి వంశధార పారుతుంది’ అన్నారనుకోండి, అది తప్పు, ఊళ్ళోంచి పారేది నాగావళి, వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. అయినా ఆ వాక్యం మొదటి గడిలోదే, ఎందుకంటే వెళ్ళి చూసో మ్యాపు తెరిచో తేల్చొచ్చు. తేల్చాం, తప్పని తేలింది, అంతే. పిల్లలు దీన్ని రెండు రోజుల్లో పట్టేస్తారు, పెద్దవాళ్ళకే బుర్రకెక్కదు.

అపోహ: ఈ వయసుకి ఇదంతా అర్థం కాదు.

బిస్కెట్ల డబ్బాలో సుద్దముక్కలు వేసి మూడేళ్ళ పిల్లకు చూపించండి. మూత పెట్టేసి "బయటున్న అన్నయ్యని పిలిస్తే ఇందులో ఏముందంటాడు?" అని అడగండి. చాలావరకు "సుద్దముక్కలు" అంటుంది, తనకు తెలిసింది అందరికీ తెలుసనుకునే వయసు. నాలుగు, అయిదేళ్ళు వచ్చేసరికి ఎక్కువమంది "బిస్కెట్లంటాడు" అని ముసిముసిగా నవ్వుతారు. ఎదుటివాడి బుర్రలో వేరే సంగతి ఉండొచ్చని తెలిసిపోయిందన్నమాట, అభిప్రాయం అనేదానికి కావలసిన పునాది అదే. రెండో తరగతిలో మొదలుపెడితే తొందరపడినట్టేం కాదు.

అపోహ: ఉన్నవి రెండే గడులు.

మూడోది కూడా ఉంది, విన్న మాట. తెలుగు పిల్లలకు అది కొత్తగా నేర్పక్కర్లేదు, భాషే ఇచ్చేసింది. "రేపు తుఫానుట" అంటాం కదా, ఆ చివరి ‘ట’ ఉందే, నేను చూసింది కాదు, ఎవరో అన్నారు అని చెప్పేస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు తీరం దాటి కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టిన దగ్గర్నుంచి మా వైపు తుఫాను మాట వింటేనే టెన్షన్, ఫోన్లో వచ్చిన ప్రతి మెసేజీ ఇంట్లో గట్టిగా చదివేస్తారు, అది విన్న పిల్లలు బడికొచ్చేసరికి దారిలో ఆ ‘ట’ కాస్తా ఊడిపోతుంది. "రేపు తుఫాను వస్తాది మాస్టారూ!" నీకెవరు చెప్పారు, వాళ్ళకెవరు చెప్పారు అని వెనక్కి అడుగుతూ పోతాం. ఒక్కోసారి విశాఖపట్నంలోని తుఫాను హెచ్చరికల కేంద్రం దాకా వెళ్తాం, ఒక్కోసారి మేనమామ ఫోను దగ్గరే ఆగిపోతాం. కళింగపట్నం రేవులో ఎన్నో నంబరు హెచ్చరిక పెట్టారన్నది తేల్చగలిగిన సంగతి. ఆగిపోయిన చోట మాత్రం ‘ట’ని మళ్ళీ తగిలించి చెప్పమంటాను, అదో ఆటైపోయింది వాళ్ళకి.

అపోహ: అంకె ఉంటే వాస్తవమే.

"నూటికి నూరు పాళ్ళు మందస కోవాయే బెస్టు." అంకె ఉంది. తేల్చండి చూద్దాం.

అపోహ: ఒక వాక్యానికి ఒకే గడి.

వర్క్‌షీటులో టిక్కు పెట్టించడం వల్ల వచ్చిన జబ్బిది. ‘1713లో కట్టిన విజయనగరం కోట ఎంతో అందంగా ఉంటుంది’ అన్న వాక్యాన్ని ఎక్కడ పెడతారు? మేం కాగితం మీద రాసి కత్తెరతో కోసేస్తాం, ఏడాది ఒక గడిలోకి, అందం ఇంకో గడిలోకి.

అపోహ: అభిప్రాయాన్ని ఎవరూ ప్రశ్నించకూడదు.

ప్రశ్నించొచ్చు, వెక్కిరించకూడదు. మా తరగతిలో ‘ఎందుకంటే’ లేకుండా అభిప్రాయం పూర్తవదు. "నాకు వాన ఇష్టం లేదు" అని ఊరుకుంటే కుదరదు, "ఎందుకంటే మా ఇల్లు కారుతాది" అన్నాడొకడు, ఆ వెనక సగం ఇంటికెళ్ళి చూసి తేల్చదగ్గదే కదా అని పక్కవాడే పట్టుకున్నాడు.

ఈమధ్య మళ్ళీ చోడంబలి దగ్గరే ఇరుక్కున్నాను, వేరే పిల్లాడు. "చోడంబలి మంచిది మాస్టారూ, ఏ గడి?" అన్నాడు. మంచిది అంటే రుచి అనా, ఒంటికి అనా అని అడిగాను. ఒంటికి అయితే చోళ్ళలో కాల్షియం బియ్యంలో కంటే చాలా ఎక్కువ, అంతవరకూ తేల్చొచ్చు. వాడు కాసేపు ఆలోచించి, "మాయమ్మ ఏటనుకొని అన్నాదో అడిగొస్తాను" అని కూర్చున్నాడు.