అనంతగిరి ఘాట్‌లో సైకిలు లెక్క

తెల్లవారుతూనే శృంగవరపుకోటలో టీ తాగి సైకిళ్లెక్కాం. అరకు దారిలో బొడ్డవర దాటాక ఘాట్ మొదలవుతుంది. అనంతగిరి మీదుగా గాలికొండ దాకా ఎక్కి, సాయంత్రానికి దిగిపోవాలి.

మైదానంలో సైకిలు తొక్కేవాళ్లకి అడ్డు గాలే. వేగం రెట్టింపైతే అది నాలుగింతలవుతుంది. ఘాట్ మీద గంటకి ఎనిమిది కిలోమీటర్లు పోతే గొప్ప. ఆ వేగానికి గాలి లెక్కలోకే రాదు, ఉన్నదంతా బరువే. మనిషి, సైకిలు, సంచి, నీళ్లసీసాలు కలిపి 90 కిలోలనుకుందాం. వెయ్యి మీటర్లు పైకి చేర్చాలంటే సుమారు 880 కిలోజౌళ్ల శక్తి కావాలి. రెండు గంటల్లో ఎక్కితే సగటున 120 వాట్లు. పాత సీలింగు ఫ్యాన్లు రెండు తిప్పడానికి కూడా చాలదది!

చిన్న గేరు వేస్తే ఈ పని ఒక్క జౌలు కూడా తగ్గదు. అదే పనిని ఎక్కువ తొక్కుళ్లకి పంచుతుంది, అంతే. మోకాళ్లకి అదే పెద్ద ఉపకారం.

అసలు కష్టం వేడితో. కండరాలు ఖర్చుచేసే శక్తిలో పావు వంతే చక్రానికి చేరుతుంది, మిగతాది ఒంట్లో వేడిగా మిగులుతుంది. అది పోవాలంటే లీటరుకి పైగా చెమట ఆవిరి కావాలి. కారిపోయిన చెమట చల్లబరచదు, ఆరిన చెమటే చల్లబరుస్తుంది. కొండ కింద సముద్రపు తేమ, పైగా మన వేగానికి గాలి తగలదు. నా గడ్డం నుంచి చుక్కలు హ్యాండిల్ మీద టపటపా రాలుతూనే ఉన్నాయి. అవన్నీ వృథా పోయినట్టే. పైన సిల్వర్ ఓక్ నీడలో కాఫీ తోటలు మొదలయ్యేసరికి ప్రాణం లేచొచ్చింది. మామూలుగా ప్రతి వెయ్యి మీటర్లకీ ఆరు డిగ్రీలకి పైగా చల్లబడుతుంది మరి.

కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం రెండు వేల కిలోకేలరీలకి మించదు. ఈ ఒక్క ఎక్కుడుకే 850 దాకా పోతుంది. ఆకలి వేశాక తిందామనుకుంటే కాళ్లు మొరాయిస్తాయి. అందుకే గంటకో అరటిపండు, మధ్యలో పల్లీ చిక్కీ తింటూ వెళ్లాం.

దిగేటప్పుడు ఆ 880 కిలోజౌళ్లూ తిరిగొస్తాయి. మూడు లీటర్ల నీళ్లని మరిగించేంత వేడి అది! కొంత గాలికి పోవాలి, మిగతాది బ్రేకులకే. నిటారుగా కూర్చుంటే ఛాతీకి తగిలే గాలి కొంత భారం మోస్తుంది. మలుపు ముందు గట్టిగా పట్టి, మలుపు తిరిగాక వదిలేస్తే రిమ్ముకి ఊపిరి ఆడుతుంది.

బొడ్డవర దగ్గర ఆగి వెనక రిమ్ము మీద వేలు పెట్టి చటుక్కున తీసేశాను. పొద్దున కాళ్లు పైకి మోసినదాంట్లో కొంత ఇంకా అక్కడే ఉంది.