జీవన్ రెడ్డి తీర్పులో వదిలేసిన వాక్యం

పరువు నష్టాన్ని నేరాల లెక్క నుంచి తీసేయాల్సిన సమయం వచ్చిందని 2025 సెప్టెంబర్ 22న సుప్రీంకోర్టులో జస్టిస్ ఎం.ఎం. సుందరేశ్ అన్నారు. ఒక వార్తా వెబ్‌సైట్ మీద జేఎన్‌యూ ప్రొఫెసర్ ఒకరు వేసిన కేసు విచారణలో వచ్చిన మాట అది. దాంతో పాత చర్చ మళ్లీ రాజుకుంది. మెకాలే, 1860 నాటి శిక్షాస్మృతి, అందులో పరువు నష్టాన్ని నేరం చేసిన 499, 500 సెక్షన్ల సంగతి చాలాసార్లు చదివినదే కాబట్టి అక్కడి నుంచి మొదలుపెట్టను. ఇవాళ్టి చిక్కుముడి పడింది 1994 అక్టోబర్ 7న. ఆ ముడి వేసిన తీర్పు రాసింది మన హైదరాబాద్ హైకోర్టు నుంచి వెళ్లిన న్యాయమూర్తే, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి.

ఆరు హత్యల కేసులో ఉరిశిక్ష పడిన ఆటో శంకర్ మద్రాసు దగ్గర జైల్లో కూర్చుని 300 పేజీల ఆత్మకథ రాశాడు. కొందరు ఐఏఎస్, ఐపీఎస్ అధికారులు తన నేరాల్లో భాగస్తులని అందులో చెప్పాడన్నది ‘నక్కీరన్’ వారపత్రిక మాట. దాన్ని సీరియల్‌గా వేస్తామని పత్రిక ప్రకటించింది. 1994 జూన్ 15న జైళ్ల ఐజీ నుంచి ఉత్తరం వచ్చింది: అదంతా అబద్ధం, అచ్చు వేస్తే చట్టప్రకారం చర్య తీసుకుంటాం అని. సంపాదకుడు ఆర్. రాజగోపాల్ నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లారు.

తీర్పులోకి వెళ్లే ముందు ఒక సంగతి. పరువు పోయిందనుకున్నవారికి మన చట్టంలో రెండు దారులున్నాయి. ఒకటి సివిల్ దావా. జరిగిన నష్టానికి డబ్బు అడగడం. దీనికి చట్టసభ చేసిన సెక్షన్లేవీ లేవు, ఇంగ్లండ్ నుంచి వచ్చిన టార్ట్ సూత్రాలే (ఒకరి తప్పుకు ఇంకొకరికి పరిహారం ఇప్పించే సూత్రాలు) ఆధారం. ఏడాదిలోగా వేయాలి, అడిగిన సొమ్మును బట్టి కోర్టు ఫీజు కట్టాలి. రాసింది నిజమని రుజువైతే దావా అక్కడితో ఆగిపోతుంది. రెండోది క్రిమినల్ ఫిర్యాదు. దీనికి అలాంటి ఫీజు లేదు, మూడేళ్ల గడువుంది, రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. ఇక్కడ నిజం రాశానంటే సరిపోదు, అది ప్రజల మేలు కోసమేనని కూడా చూపించాలి.

జీవన్ రెడ్డి మొదటి దారిలో పెద్ద గేటు పెట్టారు. ప్రభుత్వం గానీ, స్థానిక సంస్థ గానీ, అధికారం చలాయించే ఇతర సంస్థలు గానీ పరువు పోయిందని నష్టపరిహార దావా వేయకూడదన్నారు. అధికారి విధి నిర్వహణ గురించి రాసింది తప్పని తేలినా, నిజానిజాలు పట్టించుకోకుండా బాధ్యత లేకుండా రాశారని రుజువైతేనే పరిహారం. తగినంత విచారించి రాశామని చూపితే పత్రికకు చాలు. అచ్చు కాకముందే ఆపే అధికారం ఆ అధికారులకు లేదన్నారు. ఇందుకోసం 1964 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పును, 1993లో పత్రిక మీద దావా వేసి డెర్బీషైర్ కౌంటీ కౌన్సిల్ అనే స్థానిక సంస్థ ఓడిపోయిన ఇంగ్లండ్ తీర్పును దగ్గర పెట్టుకున్నారు. పత్రికల కోసం ఈ దేశంలో వచ్చిన గొప్ప తీర్పుల్లో ఇదొకటని నేను నమ్ముతాను.

కానీ చివర్లో ఒక వాక్యం ఉంది. 499, 500 సెక్షన్ల మీద వాక్‌స్వాతంత్ర్యపు హక్కు ప్రభావం గురించి ఇప్పుడేమీ చెప్పడం లేదు, దానికి తగిన కేసు రావాలి అని. అంటే సివిల్ దారికి గేటు పడింది, క్రిమినల్ దారి బార్లా తెరిచే ఉంది.

ఆ తెరిచిన దారిలో ప్రభుత్వాలకు వేరే వసతి కూడా ఉంది. మంత్రి గురించో అధికారి గురించో రాస్తే ఆయన స్వయంగా కోర్టు మెట్లెక్కక్కర్లేదు. ప్రభుత్వం అనుమతిస్తే ఆరు నెలల్లోగా పబ్లిక్ ప్రాసిక్యూటరే సెషన్స్ కోర్టులో ఫిర్యాదు వేస్తారు. కేసులు ఎలా నడవాలో చెప్పే పాత చట్టం సీఆర్పీసీ 199వ సెక్షన్‌లో రాసిన ఏర్పాటు అది. దావాకు పనికిరాని ప్రభుత్వం కేసుకు మాత్రం పనికొస్తుందన్నమాట. తమిళనాడులో జయలలిత ప్రభుత్వం అలా వేసినవి రెండు వందలు దాటాయి.

మన దగ్గరా ఆ ప్రయత్నం జరిగింది. 2007లో వైఎస్ ప్రభుత్వం సమాచార శాఖకు పత్రికల మీద కేసులు వేయించే అధికారమిస్తూ జీవో 938 తెచ్చి, నిరసనలు రావడంతో పక్కన పెట్టింది. 2019 అక్టోబర్ 30న జగన్ ప్రభుత్వం జీవో 2430తో ఆ అధికారాన్ని ప్రతి శాఖ కార్యదర్శికీ ఇచ్చింది. దురుద్దేశపు వార్తల్ని అడ్డుకోవడానికేనని ప్రభుత్వం చెప్పింది. ప్రెస్ కౌన్సిల్ దాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది.

కేసు అంటే ఏమిటో నేను డెస్క్‌లో ఉన్నప్పుడు ఒక మండల విలేకరిని చూసి తెలుసుకున్నాను. రోడ్డు పని గురించి రాసిన చిన్న వార్త అది. వాయిదా రోజున తెల్లవారుజామున బస్సెక్కి జిల్లా కేంద్రానికి వెళ్లేవాడు. వరండాలో గోడకు ఆనుకుని నిలబడితే బంట్రోతు ఎప్పుడో మూడుసార్లు పేరు పిలిచేవాడు. ‘హాజరు’ అనేవాడు, ఇంకో తేదీ వేసేవారు. ఆ రోజు రాయాల్సిన వార్త పోయేది, కూలి పోయినట్టే. ‘శిక్ష పడుతుందన్న భయం లేదు సార్, ఈ తిరుగుడే టెన్షన్’ అన్నాడొకసారి. రెండేళ్ల తర్వాత విలేకరి పనే మానేశాడు.

జీవన్ రెడ్డి చెప్పిన తగిన కేసు ఇరవై రెండేళ్లకు వచ్చింది. సుబ్రమణ్యస్వామి, రాహుల్ గాంధీ, కేజ్రీవాల్ తదితరులు వేసిన పిటిషన్ల మీద 2016 మే 13న జస్టిస్ దీపక్ మిశ్రా, జస్టిస్ ప్రఫుల్ల సి. పంత్ తీర్పిచ్చారు. పరువు కూడా జీవించే హక్కులో భాగమే, కాబట్టి ఈ సెక్షన్లు చెల్లుతాయన్నారు. సివిల్ దావాలు ఏళ్ల తరబడి సాగుతాయి, నిందపడ్డ మామూలు మనిషికి వేరే దిక్కేదని ఆ తీర్పును సమర్థించేవారు అడుగుతారు.

2020 మేలో మద్రాసు హైకోర్టు కొందరు సంపాదకుల మీద తమిళనాడు ప్రభుత్వం వేయించిన కేసులు కొట్టేసింది. మామూలు పౌరుడిలా ప్రభుత్వం తొందరపడి పరువు కేసులకు దిగకూడదని, ప్రాసిక్యూటర్ సొంత బుర్రతో ఆలోచించాకే ఫిర్యాదు వేయాలని జస్టిస్ అబ్దుల్ ఖుద్దూస్ చెప్పారు. అయినా చట్టంలో ఆ ఏర్పాటు అలాగే ఉంది. 2024 జులై 1న శిక్షాస్మృతి, సీఆర్పీసీల స్థానంలో కొత్త చట్టాలు అమల్లోకి వచ్చినప్పుడు 499, 500 కలిసి 356 అయ్యాయి, శిక్షల్లో సమాజ సేవ చేరింది. 199 కాస్తా 222 అయింది, పబ్లిక్ ప్రాసిక్యూటర్ అందులోనూ ఉన్నారు. జస్టిస్ సుందరేశ్ ముందుకు వచ్చిన కేసు ఒక ప్రొఫెసర్ సొంతంగా వేసుకున్నది. ప్రభుత్వం ప్రాసిక్యూటర్ చేత వేయించే కేసుల సంగతి అందులో లేదు.