తొలి డోసు ఎవరిది? ప్రాధాన్య జాబితాల వెనుక కథ

2020 డిసెంబరు 8న బ్రిటన్‌లోని కోవెంట్రీ ఆసుపత్రిలో 90 ఏళ్ల వృద్ధురాలు కోవిడ్ టీకా వేయించుకున్నారు. అయిదు వారాల తర్వాత, 2021 జనవరి 13న ఇండొనేసియా తన కార్యక్రమం మొదలుపెట్టింది. అక్కడి తొలి జాబితాలో అరవై దాటినవారికి చోటే లేదు. ముందు వైద్య సిబ్బంది, తర్వాత ప్రభుత్వ ఉద్యోగులు, ఆ పైన పనికి వెళ్లే వయసువారు. వ్యాధి ఒక్కటే అయినా ఒక దేశం ముందు నిలబెట్టినవారిని మరో దేశం వెనక్కి పంపింది.

ఇండొనేసియా తెప్పించుకున్న చైనా టీకాపై వృద్ధుల్లో అప్పటికి తగినన్ని పరీక్షలు జరగలేదన్నది ఒక కారణం. రెండో కారణాన్ని అక్కడి అధికారులు దాచలేదు. బయట తిరిగేవారికి రక్షణ ఉంటే వ్యాధి ఇంట్లోని పెద్దల దాకా రాదు, ఆర్థిక వ్యవస్థా నిలబడుతుంది అన్నారు. ప్రాణం పోయే ముప్పు ఉన్నవారికి ముందు ఇవ్వాలా, వ్యాధిని అంటించేవారికి ముందు ఇవ్వాలా అన్న ఈ తగవు కోవిడ్‌తో పుట్టింది కాదు.

అసలు జాబితా ఒకటి కావాలన్న స్పృహే ప్రభుత్వాలకు ఆలస్యంగా కలిగింది. 1955 ఏప్రిల్ 12న సాక్ పోలియో టీకా పనిచేస్తుందని ప్రకటించినప్పుడు అమెరికా ప్రభుత్వం దగ్గర పంపిణీ ప్రణాళికే లేదు. ఒకటి, రెండు తరగతుల పిల్లల కోసం ముందుగా డోసులు కొని పెట్టింది ఒక స్వచ్ఛంద సంస్థ. మిగతాది మార్కెట్ చూసుకుంటుందని అనుకున్నారు. జనం ఇంతగా ఎగబడతారని ఎవరూ ఊహించలేకపోయారని నాటి ఆరోగ్య మంత్రి ఒవెటా కల్ప్ హాబీ చెప్పుకున్నారు. ఏళ్ల తరబడి ప్రతి వేసవిలో పిల్లల కాళ్లు చచ్చుబడటం చూసిన తల్లిదండ్రులు ఎగబడకుండా ఎలా ఉంటారో మరి! అదే సమయంలో పొరుగున కెనడాలో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి టీకా కొని పంచాయి.

రెండేళ్లకే 1957 ఫ్లూ వచ్చింది. అమెరికాలో ఎవరికి ముందు వేయాలో సూచించారు కానీ, పాటించడం తయారీదారుల, వైద్యుల ఇష్టానికే వదిలేశారు. అక్టోబరులో అల పతాక స్థాయికి చేరే నాటికి టీకాలో చాలా భాగం ఇంకా రానే లేదు.

అంటించేవారికి ముందు అన్న వాదానికి బలమైన ఆధారం జపాన్ నుంచి వచ్చింది. అక్కడ 1962 నుంచి బడిపిల్లలకు ఏటా ఫ్లూ టీకా వేసేవారు. పెద్దగా ఉపయోగం కనిపించడం లేదన్న విమర్శలతో 1994లో ఆపేశారు. 2001లో వచ్చిన ఒక అధ్యయనం ఆ కాలపు మరణాల లెక్కలు తిరగేసి, టీకా వేసిన ప్రతి 420 మంది పిల్లలకు ఒక మరణం తప్పిందని అంచనా వేసింది. అలా బతికినవారిలో ఎక్కువమంది వృద్ధులే. సూది మనవడికి, ప్రాణం తాతకు అన్నమాట. వినడానికి బాగున్నా ఈ పద్ధతికి ఒక షరతు ఉంది. టీకా వ్యాధి తీవ్రతను తగ్గిస్తే చాలదు, వ్యాప్తినీ ఆపాలి. 2020 డిసెంబరులో కోవిడ్ టీకాల గురించి ఆ ఒక్క సంగతే తెలియదు. పరీక్షల్లో ప్రధానంగా కొలిచింది లక్షణాలతో కూడిన జబ్బును. చాలా దేశాలు వృద్ధుల వైపు మొగ్గడానికి కరుణ ఎంత కారణమో, ఈ తెలియనితనమూ అంతే కారణం.

అయితే వృద్ధులకు ముందు అన్నది కూడా అందరూ ఒప్పుకున్న ధర్మమేమీ కాదు. 2006లో ఎజెకీల్ ఇమాన్యుయెల్, అలన్ వర్తైమర్ అనే ఇద్దరు నీతిశాస్త్రవేత్తలు ‘సైన్స్’ పత్రికలో అమెరికా ఫ్లూ ప్రణాళికను తప్పుపట్టారు. జీవితంలోని అన్ని దశలూ చూసే అవకాశం ప్రతి ఒక్కరికీ ఉండాలి కాబట్టి, బతకాల్సిన కాలం ఎక్కువ మిగిలినవారే ముందుండాలన్నది వారి వాదం. అక్కడితో ఆగకుండా, పసివారి కంటే 13 నుంచి 40 ఏళ్ల మధ్యవారిని ముందు నిలబెట్టారు. ఆ వయసుకు వచ్చేసరికి మనిషి కలలు కని, శ్రమపడి, ఫలితం కోసం ఎదురుచూస్తుంటాడట. తర్కం సరే, ఉయ్యాలలోని బిడ్డను పక్కన పెట్టి ఈ వరుసను నలుగురి ముందు ప్రకటించగల ఆరోగ్య మంత్రి ఎవరన్నదే ప్రశ్న.

2009లో ఆ చిక్కును వైరస్సే కొంత విప్పింది. హెచ్1ఎన్1 ఫ్లూ పడుచువారిని, గర్భిణులను ఎక్కువగా బాధించింది. పాత ఫ్లూల జ్ఞాపకం ఒంట్లో మిగిలి ఉన్న వృద్ధులకు కొంత రక్షణ ఉంది. ఆ జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు వైద్య సిబ్బందిని మొదట, ఆరోగ్యంగా ఉన్న 65 దాటినవారిని చివర చేర్చారు. అమెరికా జాబితా మాత్రం సుమారు 15.9 కోట్ల మందితో తయారైంది. దేశంలో సగం మంది ముందు వరుసలో ఉంటే అది వరుస అనిపించుకోదు. సరఫరా ఆలస్యమైతే ఏమిటన్న భయంతో దానిలోనే 4.2 కోట్ల మందితో చిన్న జాబితా మరొకటి రాసుకున్నారు. భయపడినట్టే టీకా ఆలస్యమైంది. ఆస్ట్రేలియా తన గడ్డ మీది తయారీదారును ముందు స్వదేశానికే ఇవ్వమంది. కెనడాలోని కాల్గరీలో జనం గంటల తరబడి క్యూల్లో నిలబడి ఉండగా ఐస్ హాకీ జట్టుకు విడిగా టీకా వేసిన సంగతి బయటపడి, బాధ్యులైన సిబ్బంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు.

జాబితాతో పని లేకుండా కొరతను దాటిన సందర్భాలూ ఉన్నాయి. నన్నడిగితే అవే ఎక్కువ నేర్పుతాయి. 1966 డిసెంబరులో తూర్పు నైజీరియాలో మశూచి బయటపడినప్పుడు విలియం ఫీగీ బృందం దగ్గర ఊరూరికీ చాలినంత టీకా లేదు. రేడియోలో మిషనరీలను వాకబు చేసి, రోగి ఎక్కడుంటే అక్కడ, చుట్టూ ఉన్నవారికే వేశారు. చేతిలో లేక పట్టిన ఆ దారే తర్వాత ప్రపంచం నుంచి మశూచిని తుడిచిపెట్టిన వ్యూహమైంది. 2016లో కిన్షాసాలో ఎల్లో ఫీవర్ టీకా చాలకపోతే ఒక్కో డోసును అయిదుగా పంచి లక్షలాది మందికి వేశారు. 2020 డిసెంబరు చివర బ్రిటన్ రెండు డోసుల మధ్య ఎడాన్ని 12 వారాల దాకా పెంచి, ఉన్న నిల్వతో ఎక్కువమందికి మొదటి డోసు అందించింది.

జాబితా ఎంత సూక్ష్మంగా ఉంటే అంత న్యాయమని కాగితం మీద తోస్తుంది. టీకా కేంద్రంలో కూర్చున్నవారికే దాని బరువు తెలుస్తుంది. భారత్ 30 కోట్ల మందితో ముందు వరుసను రాసుకుని, 2021 మార్చిలో 45 దాటి నిర్దిష్టమైన 20 జబ్బుల్లో ఏదైనా ఉన్నవారిని వైద్యుడి ధ్రువపత్రం తెమ్మంది. నెల తిరిగేసరికి ఆ నిబంధన తీసేసి 45 దాటితే చాలంది. బ్రిటన్‌లో పోలీసులు, ఉపాధ్యాయులు తమను ముందుకు జరపమని అడిగినా నిపుణుల సంఘం వయసునే పట్టుకుంది. వృత్తులు తేల్చుకుంటూ కూర్చుంటే వేగం పడిపోతుందని చెప్పింది. వయసు గుడ్డి కొలతే. పేదలు, అల్పసంఖ్యాకులు తక్కువ వయసులోనే జబ్బుపడే చోట వారికి అన్యాయం చేస్తుంది. కానీ పుట్టిన తేదీని నిరూపించడం తేలిక.

న్యూయార్క్ రాష్ట్రం ఇంకో దారి పట్టింది. వరుస తప్పించి టీకా వేస్తే 10 లక్షల డాలర్ల దాకా జరిమానా అని 2020 డిసెంబరు చివర ప్రకటించింది. వచ్చిన డోసులను వారంలోగా వాడకపోతే లక్ష డాలర్ల దాకా జరిమానా అని జనవరి మొదటి వారంలో చెప్పింది. ఒకసారి ద్రావణం కలిపిన ఫైజర్ వయల్‌ను (టీకా సీసాను) అప్పట్లో ఆరు గంటల్లో వాడేయాల్సి వచ్చేది. సాయంత్రం జాబితాలోని మనిషి రాకపోతే, వయల్ అడుగున మిగిలిన డోసును ఏం చేసినా తప్పే. జనవరి 12న 65 దాటినవారందరికీ తలుపులు తెరిచారు. పది రోజులు తిరగకముందే న్యూయార్క్ నగరంలో నిల్వలు అడుగంటి, అప్పటికే ఇచ్చిన వేల అపాయింట్‌మెంట్లను వాయిదా వేయాల్సి వచ్చింది.