కత్తెర పడ్డ కవర్లు

1897లో మన దేశంలో ఏదో బజారులో ఒక పాత కవరు బయటపడింది. 1850 జనవరిలో మారిషస్ నుంచి బొంబాయిలోని బైబిల్ సొసైటీ కార్యదర్శి పేరున వచ్చిన ఉత్తరం అది. దాని మీద నారింజ ఎరుపు పెన్నీ స్టాంపులు రెండున్నాయి. 1847లో మారిషస్ వేసిన మొట్టమొదటి స్టాంపులవి. పెన్నీవి అయిదు వందలు, రెండు పెన్నీలవి అయిదు వందలు, అంతే అచ్చయ్యాయి. ఆ కవరు చేతులు మారి మారి 1968లో న్యూయార్క్ వేలంలో 3,80,000 డాలర్లు పలికింది.

నన్నడిగితే దాని అసలు అదృష్టం వేలం పాటలో లేదు. దొరికిన రోజున ఎవరూ కత్తెర తీయకపోవడంలో ఉంది. ఆ రోజుల్లో స్టాంపులు పోగుచేసేవాళ్లకు కవరంటే వేరుశనగ పొట్టు లాంటిది. గింజ తీసుకుని పొట్టు పారేసేవారు. స్టాంపు బిళ్లను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి ఊడదీసి, అట్ట పుస్తకంలో గడుల్లో అంటించుకోవడమే ఈ సరదాకి తెలిసిన పద్ధతి. ఇవాళ విడి స్టాంపుగా పెద్దగా ధర రానిది, అదే బిళ్ల కవరు మీద ఉంటే ఎన్నో రెట్లు ఎందుకు పలుకుతుందో తెలియాలంటే, ఆ బిళ్లలు ఎందుకు పుట్టాయో ముందు చూడాలి.

ఈస్టిండియా కంపెనీ వారి టపాను 1774లో వారన్ హేస్టింగ్స్ జనానికి తెరిచాడు. అప్పటి రేటు వంద మైళ్లకు బేడ, అంటే రెండణాలు. దూరం పెరిగితే ఖర్చూ పెరిగేది. మద్రాసులో జనరల్ పోస్టాఫీసు 1786లో మొదలైంది. స్టాంపులు లేవు కాబట్టి డబ్బు ముట్టిందా లేదా అన్నది ముద్రే చెప్పాలి. మామూలుగా ముందే చెల్లించిన ఉత్తరానికి ఎర్ర సిరా, అందుకునేవాడు చెల్లించాల్సినదానికి నల్ల సిరా. ఈ రెండో రకానికి మన పెద్దవాళ్లు నిన్నమొన్నటి దాకా వాడిన 'బేరింగు ఉత్తరం' అన్నది అప్పటి మాటే. కవరు అనేది కూడా అప్పుడు అరుదు. కాగితాన్నే మడిచి, లక్కతో సీలు వేసి, వెనక వైపు చిరునామా రాసేవారు. ఇలాంటి మడత ఉత్తరాల్లో స్టాంపు ఉండదు గనక బిళ్లల వాళ్లు వాటి జోలికి పోలేదు. అందుకే చాలా బతికాయి.

అప్పటి ఇండియాలో స్టాంపు కథ సింధ్‌లో మొదలైంది. అక్కడ కమిషనర్‌గా ఉన్న బార్టల్ ఫ్రేర్ 1852 జులై 1న అర్ధణా బిళ్లలు ప్రవేశపెట్టాడు. వాటినే సిండే డాక్ అంటారు. ఎర్రది లక్క లాంటి పదార్థం మీద ఉబ్బెత్తుగా ఒత్తిన బిళ్ల. దాన్ని జేబులో పెట్టుకుంటే విరిగేది, పెట్టెలో పెడితే పగిలేది. తర్వాత తెల్ల కాగితం మీద రంగు లేకుండా ఒత్తారు. అది దీపం వెలుతురులో కనపడటం లేదని నీలం రంగులోకి మారారంటారు. రెండేళ్లు తిరిగాక, దేశమంతటికీ ఒకే రకం స్టాంపులు రావడంతో వీటిని ఆపేశారు. విరిగే గుణం ఉన్న ఎర్ర బిళ్ల కవరు మీద పగలకుండా దొరకడం ఎంత అరుదో వేరే చెప్పక్కర్లేదు.

1854 అక్టోబర్ 1 అసలు మలుపు. పావు తులం బరువున్న ఉత్తరం దేశంలో ఎక్కడికైనా అర్ధణా. దూరం లెక్క పోయింది. ముందే స్టాంపు అంటిస్తే అర్ధణా, బేరింగుగా పంపితే రెట్టింపు. పావు తులమంటే మూడు గ్రాములు కూడా కాదు. అందుకే ఆ కాలపు ఉత్తరాలు ఉల్లిపొర లాంటి కాగితం మీద, అంచుల దాకా, కొన్నిసార్లు రాసినదాని మీదే అడ్డంగా కూడా రాసి ఉంటాయి. ఆ గీతల వెనక ఉన్నది పొదుపు.

ఈ స్టాంపులు లండన్ నుంచి రాలేదు. కలకత్తా టంకశాలలో కల్నల్ ఫోర్బ్స్ సింహం, తాటిచెట్టు బొమ్మతో ప్రయత్నించాడు కానీ అక్కడున్న యంత్రంతో కావలసినన్ని తీయలేకపోయారు. చివరికి పటాలు అచ్చువేసే సర్వే ఆఫీసులో కెప్టెన్ థుయిలియర్ రాతి అచ్చు మీద పని పూర్తిచేశాడు. అర్ధణా మొదట సిందూరం రంగులో మొదలైంది. ఆ సిరా అయిపోవడంతో నీలానికి మారారు. పంటి అంచులు లేవు, కత్తిరించుకోవాల్సిందే. పావలా స్టాంపు మీద రాణి తల చుట్టూ ఎనిమిది మూలల చట్రం ఉండేది కాబట్టి, వాడినవాళ్లు ఆ చట్రం వెంబడే ఎనిమిది మూలలుగా కత్తిరించేశారు. నలుచదరంగా, చుట్టూ తెల్లంచు మిగిలిన పావలా స్టాంపు కనిపిస్తే స్టాంపులు సేకరించేవాళ్ల ముఖాలు వెలిగేది అందుకే. కత్తెర ఇక్కడా తన పని చేసింది, కాకపోతే ఈసారి పోస్టాఫీసు కౌంటరు దగ్గరే.

ఆ పావలా స్టాంపు రెండు రంగులది. చట్రం ఎరుపు, తల నీలం. రెండు సార్లు అచ్చు తీయాలి. మధ్యలో కొన్ని షీట్లు తిరగబడి లోపలికి పోయాయి. దాంతో రాణి తలకిందులైంది. విచిత్రమేమిటంటే ఇరవై ఏళ్ల దాకా ఎవరి కంటా పడలేదు. 1874లో లండన్ ఫిలాటెలిక్ సొసైటీ (స్టాంపులు సేకరించేవాళ్ల సంఘం) సమావేశంలో దాని సంగతి మొదటిసారి నమోదైంది. ఈ లోపు ఎన్ని చెత్తబుట్టలో పడ్డాయో! ఇప్పుడు తెలిసినవి ముప్పైకి మించవు.

1855 నుంచి అచ్చు లండన్‌లోని డె లా రూ కంపెనీకి పోయింది. నాసిక్ ప్రెస్ 1926లో అందుకునేదాకా వాళ్లదే రాజ్యం. ఈ డె లా రూ స్టాంపులు లక్షల్లో వచ్చాయి కాబట్టి విడిగా పెద్ద విలువ లేదు. అయితే వాటి మీద పడ్డ ముద్ర విలువను మార్చేస్తుంది. 1855 ప్రాంతంలో ఒక్కో పోస్టాఫీసుకూ ఒక్కో నంబరు ఇచ్చారు. బెంగాల్ సర్కిల్‌కి ఇంగ్లీషు 'బి', మద్రాసు సర్కిల్‌కి 'సి', బొంబాయికి ఉత్త అంకె. 'బి 172' అని కనిపిస్తే అది సింగపూర్. అక్కడా 1867 దాకా ఇండియా స్టాంపులే వాడారు. '124' అంటే అరేబియా తీరంలోని ఏడెన్, బొంబాయి సర్కిల్ కింద ఉండేది. కాబట్టి అదే అర్ధణా, అదే రాణి ముఖం, ముద్ర సింగపూర్‌దైతే కొనేవాళ్లే వేరు.

సంస్థానాల సంగతి ఇంకొంచెం చిక్కు. పాటియాలా, గ్వాలియర్ లాంటివి బ్రిటిష్ స్టాంపుల మీద తమ పేరు అచ్చొత్తి వాడుకున్నాయి. హైదరాబాద్ అలా కాదు. 1869 నుంచే సొంత బిళ్లలు. వాటిలో చాలా వాటి మీద ఉర్దూ, ఇంగ్లీషుతో పాటు తెలుగు, మరాఠీ అక్షరాలు. 1931లో చార్మినార్, హైకోర్టు, ఉస్మాన్‌సాగర్, అజంతా, దౌలతాబాద్ బొమ్మలు వచ్చాయి. 1940ల చివర్లో వచ్చినవాటిలో వరంగల్ కోటలోని కాకతీయ తోరణం మూడణాల బిళ్ల మీద ఉంది. మన ముందుతరం వాళ్లు దాన్ని చూసి ఎందుకు దాచుకున్నారో ఊహించవచ్చు. ఇలాంటి సంస్థానం స్టాంపు ఆ సంస్థానం లోపలే చెల్లేది. బయటికి పోవాలంటే బ్రిటిష్ ఇండియా స్టాంపు కావాలి. రెండూ ఒకే కవరు మీద ఉన్నవి దొరికితే, ఒక ఉత్తరం రెండు పాలనల మధ్య గీత దాటిన సాక్ష్యం చేతిలో పెట్టుకున్నట్టే. స్టాంపులు ఊడదీశారా, ఆ సాక్ష్యం పోయినట్టే.

కవరు మీదకు దృష్టి మళ్లడానికి చాలా కాలం పట్టింది. 1897లో కలకత్తాలో ఫిలాటెలిక్ సొసైటీ ఆఫ్ ఇండియా పెట్టినప్పుడు కూడా ఎక్కువ చర్చ బిళ్లల రకాలు, అచ్చురాళ్ల మధ్య తేడాల గురించే. తర్వాత తరం రేటు, దారి, రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఉత్తరం ఏ రోజు బయల్దేరింది, ఎన్ని రోజులకు చేరింది, ఎక్కడ ఆగింది, ఎందుకు రెట్టింపు వసూలు చేశారు. యుద్ధకాలం నాటి కవరైతే సెన్సార్ ముద్ర, సైన్యం వెంట ఉండే ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు కూడా. ఇవన్నీ కవరు ముందూ వెనకా ఉంటాయి తప్ప బిళ్ల మీద కాదు.

ఇక్కడే మోసం కూడా వేషం మార్చింది. సేకరించేవాళ్లు బిళ్లలు చూసినన్నాళ్లూ నకిలీ బిళ్లలు వచ్చాయి. కోర్టు స్టాంపుల మీది కలం గీతలు కడిగి తపాలా స్టాంపులుగా అమ్మారు. కవర్లకు గిరాకీ పెరిగాక నిజమైన పాత బేరింగు ఉత్తరానికి నిజమైన పాత స్టాంపు అంటించి, ముద్ర దొంగది వేస్తున్నారు. కాగితం అసలుది, స్టాంపు అసలుది, జత మాత్రం అబద్ధం. పట్టేది రేటు లెక్కే. పావు తులానికి అర్ధణా చాలిన రోజుల్లో ఒకే పలుచని కాగితానికి పావలా ఎందుకు పెడతాడు ఎవడైనా? ముద్ర సగం బిళ్ల మీద, సగం కవరు మీద పడ్డప్పుడు గీతలు కలుస్తున్నాయా లేదా అనేది భూతద్దంతో చూస్తే తెలిసిపోతుంది.

కవర్లు పారేసే అలవాటుకు ఒక మినహాయింపు ఉంది. 1911 ఫిబ్రవరి 18న అలహాబాద్ ప్రదర్శన మైదానం నుంచి యమున దాటి నైనీకి విమానంలో టపా వెళ్లింది. నడిపినవాడు ఆన్రీ పెకే, ఉత్తరాలు సుమారు 6,500, ప్రయాణం కొద్ది కిలోమీటర్లే. అది చరిత్ర అవుతుందని పంపినవాళ్లకు ముందే తెలుసు. అందుకే దాని ప్రత్యేక ముద్రతో ఉన్న కవర్లు, కార్డులు ఇప్పటికీ వేలాల్లో కనపడుతుంటాయి. మామూలు జనం మామూలు పని మీద రాసుకున్న ఉత్తరాలకు ఆ అదృష్టం లేదు. 1879లో వచ్చిన కాణీ కార్డులు చూడండి, ఎన్ని వంటింటి పొయ్యిలోకి పోయాయో.

నేనేమీ మినహాయింపు కాదు. చిన్నప్పుడు ఇంట్లో ఒక కట్ట పాత ఉత్తరాలుండేవి. వాటి స్టాంపులన్నీ చెంబుడు నీళ్లలో నానబెట్టింది నేనే. కాగితాలు తుడిచి పారేశాను. వాటిలో రాణి విక్టోరియా అర్ధణా ఆకుపచ్చది ఒకటి ఇప్పటికీ నా దగ్గరుంది. దాని మీద గుండ్రటి ముద్రలో సగమే పడింది, చివరి మూడు ఇంగ్లీషు అక్షరాలు మాత్రం కనిపిస్తాయి, 'ఏ డి ఏ'. కొకనాడా (కాకినాడ) కావచ్చు, బెజవాడ కావచ్చు, గుడివాడ కావచ్చు. మిగతా అక్షరాలు కవరు మీద ఉండిపోయాయి.