హెచ్‌ఐవీ ట్రయల్స్‌లో నల్లజాతీయులు ఎందుకు తక్కువ? అపోహలు – వాస్తవాలు

"వాళ్లు రారండీ, అడిగినా దండగ." నల్లజాతి రోగుల గురించి నాకు బాగా పరిచయమున్న ఒక తెలుగు డాక్టరు గారు మొన్న నాతో అన్న మాట ఇది. అట్లాంటాలో హెచ్‌ఐవీ మందుల క్లినికల్ ట్రయల్స్‌లో, అంటే మందులను మనుషులపై పరీక్షించే పరిశోధనల్లో, రోగులను చేర్చుకునే పనిలో పన్నెండేళ్లుగా ఉన్నాను. ఈ మాట తెల్లవారి నోట, భారతీయుల నోట, చివరికి నల్లజాతి డాక్టర్ల నోట కూడా విన్నాను. అమెరికా జనాభాలో నల్లజాతీయులు సుమారు 13 శాతమే అయినా, 2019లో కొత్తగా హెచ్‌ఐవీ నిర్ధారణ అయినవారిలో 42 శాతం వారే. అయినా ఐదు వేల మందికి పైగా పాల్గొన్న డిస్కవర్ అనే నివారణ మాత్రల ట్రయల్‌లో వారి వాటా దాదాపు 9 శాతం దగ్గరే ఆగిపోయింది. ఈ తేడాకు కారణం రోగుల అయిష్టతేనని నమ్మడం నా దృష్టిలో అన్నిటికన్నా ఖరీదైన అపోహ.

దీనికి సాక్ష్యంగా అందరూ టస్కిగీ పేరు చెబుతారు. అలబామా రాష్ట్రంలోని ఆ ఊరి ప్రాంతంలో 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ ఆరోగ్య విభాగమే సుమారు 600 మంది నల్లజాతి పురుషులను పరిశీలనలో ఉంచి, వారిలో సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్నవారికి ఆ సంగతి సరిగా చెప్పకుండా, పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా ఇవ్వకుండా, జబ్బు ముదరడాన్ని చూస్తూ కూర్చుంది. (వారికి సూదితో జబ్బు ఎక్కించారన్నది మాత్రం పుకారు, జరిగిన ఘోరం చాలదా, దానికి లేనిది కలపడం ఎందుకు?) ఆ గాయం నిజం, అది ఇంకా మానలేదు. కానీ అపనమ్మకం ఉన్నంత మాత్రాన నిరాకరిస్తారని అనుకోవడం తప్పు. జాతులవారీగా సమ్మతి లెక్కలు ఉన్న ఇరవై ఆరోగ్య పరిశోధనలను, అంటే 70,000 మందికి పైగా మనుషుల సమాచారాన్ని, కలిపి చూసిన ఒక సమీక్ష 2006లో వెలువడింది. అడిగినప్పుడు ఒప్పుకునేవారి శాతంలో జాతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా దాదాపు కనిపించలేదు. తేడా చాలావరకు అడగడంలోనే ఉందనిపిస్తుంది.

యాభై దాటిన ఒక నల్లజాతి మహిళ నాకు గుర్తుకొస్తున్నారు. అలబామాలోనే పుట్టి పెరిగారు. ఎనిమిదేళ్లుగా ఒకే క్లినిక్‌లో మందులు తీసుకుంటున్నారు. ఆమె ఫైల్లో "ట్రయల్స్‌పై ఆసక్తి ఉండకపోవచ్చు" అని ఎవరో రాసి పెట్టారు. నేను విషయం చెప్పగానే ఆమె, "ఇన్నేళ్లలో నన్ను ఇలా అడిగింది మీరొక్కరే" అన్నారు. టస్కిగీ గురించి నేనే కదిపితే, "మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. అందుకే ఈ కాగితాలన్నీ నాకు మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించండి" అన్నారు. చదివాను, గంటన్నర పట్టింది. ఆమె అడిగిన మిగతా ప్రశ్నలన్నీ రెండు బస్సులు మారి రావడం గురించి, గంటల లెక్కన వచ్చే కూలి పోవడం గురించి, బడి నుంచి వచ్చే మనవరాలిని ఎవరు చూసుకుంటారన్న దాని గురించి. సంతకం పెట్టారు.

అయినా ఆమెను చేర్చుకోలేకపోయాం. ఆ ట్రయల్ నియమాల ప్రకారం రక్తంలో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు 1,500కు తగ్గకూడదు, ఆమెకు 1,350 ఉన్నాయి. పశ్చిమ ఆఫ్రికా మూలాలున్న చాలామందిలో డఫీ అనే జన్యువులోని తేడా వల్ల ఏ జబ్బూ లేకుండానే ఈ కణాల సంఖ్య తక్కువగా ఉంటుంది. ఆ రక్తం ఆమెకు పుట్టుకతో వచ్చిన ఆరోగ్యకరమైన రక్తమే. ఎవరి రక్తాన్ని కొలిచి ఆ గీత గీశారో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

"రారు" అన్నదానికి జవాబు హెచ్‌పీటీఎన్ 083 ట్రయల్ ఇచ్చింది. హెచ్‌ఐవీ సోకకుండా రెండు నెలలకోసారి వేసే కాబోటెగ్రావిర్ ఇంజెక్షన్‌ను పరీక్షించిన ఆ ట్రయల్‌లో, అమెరికాలో చేర్చుకునేవారిలో సగం మంది నల్లజాతీయులు ఉండాలని ముందే లక్ష్యం పెట్టుకున్నారు. దాదాపు సరిగ్గా సగం మందిని చేర్చుకున్నారు కూడా. ఆ ఇంజెక్షన్‌కు 2021 డిసెంబరులో అనుమతి వచ్చింది.

ఇక "మందు ఎవరి ఒంట్లోనైనా ఒకేలా పనిచేస్తుంది, ఎవరు చేరితే ఏం" అన్నది మరో అపోహ. ఎఫావిరెంజ్ అనే హెచ్‌ఐవీ మందును శరీరం నుంచి నెమ్మదిగా తొలగించే జన్యు రకం ఆఫ్రికా మూలాలవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. అటువంటివారికి పీడకలలు, తల తిరగడం ఎక్కువవుతాయి. జొహానెస్‌బర్గ్‌లో జరిగిన అడ్వాన్స్ అనే హెచ్‌ఐవీ మందుల ట్రయల్ వల్లనే కొన్ని కొత్త మందులతో నల్లజాతి మహిళల బరువు ఎంతగా పెరుగుతుందో స్పష్టంగా తెలిసింది. డిస్కవర్‌లో పుట్టుకతో స్త్రీలైనవారిని చేర్చుకోనందువల్ల 2019లో ఆ మాత్రకు వచ్చిన అనుమతి యోని సంపర్కం ద్వారా సోకే ముప్పు ఉన్నవారికి వర్తించలేదు.

భయపడేవారికి ఒక్క మాట. ఇప్పటి చికిత్సా ట్రయల్స్‌లో సాధారణంగా హెచ్‌ఐవీ ఉన్నవారిని మందు లేకుండా వదిలేయరు. కొత్త మందును ఉన్న మందుతోనే పోల్చి చూస్తారు. 083లో కూడా ప్రతి ఒక్కరికీ ఇంజెక్షన్ లేదా మాత్ర, ఏదో ఒక అసలు మందు అందింది. టీకా ట్రయల్స్‌లో హెచ్‌ఐవీ ఎక్కిస్తారన్నది పచ్చి అబద్ధం. అయితే కొన్ని టీకాల తరువాత యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ అని చూపవచ్చు, దాన్ని వేరే పరీక్షతో నిర్ధారించుకోవాలి. ఈ సంగతి ముందే చెప్పని కేంద్రంలో చేరకండి.

మనవాళ్ల సంగతి కూడా చెప్పాలి. దరఖాస్తులో తెలుగువారు, చైనీయులు, వియత్నామీయులు అందరూ "ఏషియన్" అనే ఒకే గడిలో ఉంటారు. ఆ గడిలోనూ మనుషులు తక్కువే. నివారణ ట్రయల్ గురించి విన్న ఒక తెలుగు విద్యార్థి, "డాక్టరు గారూ, నా పేరు వీసా ఆఫీసుకు చేరుతుందా?" అని గొంతు తగ్గించి అడిగాడు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ నిధులతో జరిగే పరిశోధనలకు 2017 నుంచి గోప్యతా ధ్రువీకరణ తనంతట తానే వర్తిస్తుందని, అతని అనుమతి లేకుండా పేరు బయటపెట్టమని కోర్టు అడిగినా మేము ఇవ్వకూడదని వివరించాను. సమ్మతి పత్రం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లాడు. రెండు రోజుల తరువాత మూడో పేజీలో ఒక వాక్యం అర్థం కాలేదని ఫోన్ చేశాడు.