బీరువా పుట్టిల్లు

చిన్నీ, బాబీ,

మొన్న ఫోన్లో మీరడిగినదానికి జవాబు చెప్పేలోపే అమ్మమ్మ ఫోను లాక్కుంది. అందుకే ఈ ఉత్తరం. పేపర్లో వార్తకి ముందు 'విశాఖ బ్యూరో' అని ఎందుకుంటుంది, బ్యూరో అంటే ఏంటి తాతయ్యా అన్నారు కదా.

మన పడగ్గదిలో ఇనప బీరువా గుర్తుందా? తలుపు తీస్తే కిర్రుమంటుంది, కలరా ఉండల వాసన గుప్పుమంటుంది. పట్టుచీరల మడతల కింద మీ అమ్మ పదో తరగతి సర్టిఫికెట్టు ఇంకా అందులోనే ఉంది. పేపర్లో బ్యూరో అంటే ఆ ఊళ్ళో పేపరువాళ్ళ ఆఫీసు. ఆ బీరువా, ఈ బ్యూరో ఒకటే మాట! పుట్టిల్లు ఫ్రాన్సు.

ఇంకో తమాషా వినండి. మొదట్లో అది బీరువా కాదు, ఆఫీసూ కాదు, ఒక గుడ్డ. ముతక ఉన్నిగుడ్డని పాత ఫ్రెంచిలో 'బురెల్' అనేవారు. ఒంటికి గరుగ్గా గుచ్చుకునే రకం. అక్కడి క్రైస్తవ సన్యాసుల అంగీలు అలాంటి గుడ్డతోనే కుట్టేవారు. లెక్కలు చూసుకునే బల్ల మీదా దాన్నే పరిచేవారు. పరిచీ పరిచీ గుడ్డ పేరు బల్లకి అంటుకుంది. బల్ల పేరు అది ఉన్న గదికి, గది పేరు అందులో కూర్చునే అధికారులకి పాకింది. మనమూ అంతేగా, ఎవరైనా 'పీఠమెక్కాడు' అంటే చెక్కపీట ఎక్కి నిలబడ్డాడని అనుకోం.

ఫ్రెంచివాళ్ళు ఈనాటికీ రాసుకునే బల్లనీ ఆఫీసునీ రెండింటినీ బ్యూరో అనే అంటారు. జర్మన్లు ఆఫీసు అన్న అర్థం మాత్రం తీసుకున్నారు. ఇంగ్లండులో అది సొరుగులూ ఏటవాలు మూతా ఉన్న రాతబల్ల, అమెరికాలో బట్టలు పెట్టుకునే సొరుగుల పెట్టె. మన బీరువా, తమిళుల బీరో ఈ బట్టల వైపుకే వచ్చాయి. రష్యా కమ్యూనిస్టుల నుంచి పొలిట్‌బ్యూరో వచ్చింది. ఆ పేరు మన తెలుగుదేశం పార్టీలోనూ ఉంది. అంటే తెలుగులోకి ఈ మాట రెండు వేషాల్లో దిగింది, ఒకటి పడగ్గదికి, ఒకటి పేపరుకి.

నాకు బాగా నచ్చే మనిషి ఒకాయన ఉన్నాడు, విన్సెంట్ ద గూర్నే. 1759లో పోయాడు. ఫ్రాన్సులో వ్యాపార వ్యవహారాలు చూసే సర్కారు అధికారి. ఆఫీసుల పెత్తనం చూసి విసిగిపోయి, 'మన దేశానికో జబ్బు పట్టుకుంది, దాని పేరు బ్యూరోమానీ' అనేవాడట, అంటే ఆఫీసుల పిచ్చి. రాజుల పాలనలాగే ఇది బల్లల పాలన అని 'బ్యూరోక్రసీ' అన్న మాట పుట్టించిందీ ఆయనే. తనూ అలాంటి ఒక బల్ల వెనకే కూర్చుని అన్నాడు చూడండి, అదీ దమ్మంటే.

లంచాన్ని మనవాళ్ళు 'బల్ల కింద' వ్యవహారం అంటారు. అలా చేయి చాపేవాళ్ళని పట్టుకునేది ఏసీబీ. అందులో 'బీ' అంటే బ్యూరో, అంటే బల్లే! ఇది రాస్తూ ఒక్కణ్ణే నవ్వుకుంటుంటే అమ్మమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది.

మీ పక్కింటివాళ్ళు అల్మారా అంటారన్నారు కదా. అది పోర్చుగీసు మాట. దాని సంగతి వచ్చే ఉత్తరంలో. ఈలోపు దసరాకి వచ్చినప్పుడు బీరువా అద్దం మీద స్టిక్కర్లు అంటించబోకండి, పోయినసారివే ఇంకా ఊడలేదు.

ఆశీస్సులతో,
తాతయ్య